రెండు స్టేషన్ల నడుమ

హైదరాబాద్‌ నుంచి విజయవాడ బయల్దేరిన కారులో 98.3 మీద పెట్టిన ఎఫ్‌ఎం పాట చౌటుప్పల్‌ దాకా హాయిగా సాగుతుంది. ఆ తర్వాత మధ్యమధ్యన గరగర మొదలవుతుంది. నార్కట్‌పల్లి దాటాక పాట కంటే ఆ గరగరే ఎక్కువ. నకిరేకల్‌, సూర్యాపేట, మునగాల, కోదాడ అలాగే గడిచిపోతాయి. నందిగామ వెనకబడ్డాక అదే 98.3 మీద మళ్లీ పాట అందుకుంటుంది. ఈసారి వినిపించేది విజయవాడ స్టేషన్‌. రేడియో మిర్చికి రెండు నగరాల్లోనూ ఒకటే నంబరు.

నడుమ మిగిలిన నూటికి పైగా కిలోమీటర్లలో ఏం వినాలన్నది ఈ దారిలో బండి నడిపే ప్రతి డ్రైవరూ సొంతంగా తేల్చుకోవాల్సిన సంగతి. ఇప్పుడైతే పాడ్‌కాస్ట్‌ ఉంది, ప్రవచనం ఉంది, యూట్యూబ్‌ కబుర్లున్నాయి. అంతకుముందు మెమరీ కార్డు, దాని ముందు క్యాసెట్‌, ఇంకా ముందు ట్రాన్సిస్టర్‌. ఏ కాలంలో ఏది వచ్చినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలది ఒకటే పరిస్థితి: రెండు పెద్ద గొంతుల మధ్య ఉన్న నేల. ఒక కాలంలో రెండు గొంతులూ చేరేవి, మరో కాలంలో ఏదీ చేరేది కాదు. చేరనప్పుడల్లా ఇక్కడి జనం వినాల్సినదాన్ని వెంట తీసుకెళ్లడం నేర్చుకున్నారు.

దారి మాత్రం చాలా పాతది. గోల్కొండకు సరుకు మచిలీపట్నం రేవు నుంచే రావాలి, గోల్కొండ వజ్రాలు, బట్టలు ఆ రేవుకే పోవాలి. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే గోల్కొండ నుంచి తీరానికి వెళ్లే దారిలోని మజిలీలను వరసగా రాసిపెట్టుకున్నాడు. వడ్లు, ఉప్పు మోసుకుంటూ పది, పన్నెండు వేల ఎద్దులతో కదిలే బిడారుల సంగతీ అతని రాతల్లో ఉంది. అంత పెద్ద బిడారు ఎదురైతే మిగతా బాటసారులు అది గడిచేదాకా ఆగాల్సిందే. ఇలాంటి బిడారులు నడిపినవాళ్లలో లంబాడీలు ముఖ్యులు. మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల ఈనాటికీ ఉన్న తండాలు ఆ సంచార జీవితపు కొనసాగింపే. ఎద్దుల మెడల్లో గంటలు, వెంట నడిచే ఆడవాళ్ల పాటలు, రాత్రి మజిలీలో డప్పు. దారి పొడవునా వినడానికి వాళ్లకు కావలసింది వాళ్ల దగ్గరే ఉండేది.

ఆ పద్ధతి ఇప్పటికీ చూడాలంటే రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట పక్కనున్న దురాజ్‌పల్లికి వెళ్లాలి. పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్దది. యాదవులు కాళ్లకు గజ్జెలు కట్టి, భేరీలు మోగిస్తూ, ‘ఓ లింగా’ అని ఎలుగెత్తుతూ గట్టెక్కుతారు. జాతర రోజుల్లో జాతీయ రహదారి మీద బండ్లకు దారి ఉండదు. విజయవాడ వెళ్లాల్సినవాటిని నార్కట్‌పల్లి దగ్గర మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ మీదుగా కోదాడ చేరుస్తారు. ఈ చుట్టుదారి ఆ నాలుగైదు రోజులు కార్లతో, బస్సులతో నిండిపోతుంది.

గొల్లసుద్దులు పుట్టింది కూడా ఇలాంటి నేల మీదే. మందల వెంట ఊరూరా తిరిగేవాళ్ల కళ అది, కథ, పాట, హాస్యం కలగలిపి సాగేది. అప్పటి నల్లగొండ జిల్లా సుద్దాలకు చెందిన సుద్దాల హనుమంతు 1940లలో ఆ బాణీని పట్టుకుని దొరల మీద, నిజాం పాలన మీద కథలు కట్టాడు. ఆంధ్ర ప్రాంతం నుంచి బుర్రకథ వచ్చి దానికి తోడైంది. తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా గుండెకాయ లాంటిది. అక్కడ దళాలతో పాటు పాటా ఊరు మారేది. బండి యాదగిరి కట్టిన పాట ఊరూరా నోటి మీదే బతికి, గౌతమ్‌ ఘోష్‌ తీసిన ‘మా భూమి’ సినిమాలో గద్దర్‌ గొంతుతో మళ్లీ లోకానికి తెలిసింది. బండ్ల మీద వచ్చే నైజాం సర్కారును నిలదీసే ఆ పాట తర్వాత లారీల్లో, జీపుల్లో, ఎన్నికల ప్రచార వాహనాల్లో మోగుతూ అదే రోడ్డు మీద ఎన్ని వేల సార్లు తిరిగిందో.

1948 సెప్టెంబరులో ఈ దారికి వేరే చప్పుడు వచ్చింది. 13న హైదరాబాద్‌ సంస్థానం మీదికి విజయవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం పొద్దున్నే కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. మరునాడు సూర్యాపేట. వెనక్కి తగ్గుతూ నిజాం సైనికులు మూసీ వంతెనను పేల్చేశారు గానీ దాన్ని బాగుచేసుకోవడానికి ఎక్కువ సమయం పట్టలేదు. 17 సాయంత్రం హైదరాబాద్‌లో యుద్ధం ముగిసిన సంగతి జనానికి తెలిసింది రేడియో ద్వారానే.

ఆ తర్వాత రెండున్నర నెలలకు, 1948 డిసెంబరు 1న, విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్‌ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్‌ కేంద్రంగా మారింది. సూర్యాపేట, కోదాడలకు ఇదొక వరం. హైదరాబాద్‌ కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌ మీద, విజయవాడ 837 మీద మీడియం వేవ్‌లో మాట్లాడేవి. మీడియం వేవ్‌ తరంగాలు నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పోతాయి కాబట్టి నడుమ ఉన్న ఊళ్లకు రెండూ అందేవి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు విజయవాడ పట్టుకోవడం, విజయవాడవాళ్లకు హైదరాబాద్‌ పట్టుకోవడం కాస్త కష్టం. కోదాడలో మాత్రం డయల్‌ మీద ముల్లు అటో ఇటో జరిపితే చాలు. పొద్దున ప్రాంతీయ వార్తలు రెండు వైపుల నుంచీ, సాయంత్రం రైతుల కార్యక్రమం రెండు యాసల్లోనూ.

రేడియో కొనడం మాత్రం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. ఆ నియమం 1980ల మధ్య దాకా ఉంది. కాబట్టి ఊరికి ఒకటో రెండో, హోటల్లోనో పంచాయతీ ఆఫీసులోనో ఉండేవి. 1952లో సమాచార శాఖ మంత్రి బి.వి.కేస్కర్‌ సినిమా పాటలను ఆకాశవాణి నుంచి దూరం పెట్టినప్పుడు జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్‌ పట్టుకున్నారు. షార్ట్‌వేవ్‌లో కొలంబో నుంచి వచ్చే తెలుగు పాటలు, వాటి నడుమ మీనాక్షి పొన్నుదురై గొంతు ఒక తరానికి బాగా తెలుసు. 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టాల్సి వచ్చింది ఆ పోటీ వల్లే. 1960ల తర్వాత చేతిలో పట్టే ట్రాన్సిస్టర్‌ రావడంతో రేడియో గడప దాటింది. పొలం గట్టు మీదికి, ఎద్దుల బండి మీదికి, సైకిల్‌ హ్యాండిల్‌కు వేలాడుతూ ఊరి బయటికి వెళ్లింది. దారిలో రేడియో వినడం అనే అలవాటు ఈ పల్లెల్లో అలా మొదలైంది.

అప్పట్లో ఎక్కువమంది ఎదురుచూసినది పాట కోసమే అనుకుంటే పొరపాటు. విజయవాడ కేంద్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గొంతు వినిపించేది. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. రామాయణ, భారతాలను ఆయన చెప్పే తీరులో విరుపు ఉండేది, వెటకారం ఉండేది. శ్రోతలు రాసి పంపిన ధర్మసందేహాలకు జవాబులు చెప్పేటప్పుడు ఒక్కోసారి గట్టిగా మందలించేవారు కూడా. ఒక మనిషి, ఒక మైకు, వారం వారం వచ్చే కథ, వినేవాళ్ల ప్రశ్నలు. ఈనాటి పాడ్‌కాస్ట్‌లో ఉన్న సరంజామా అంతా 1970లలోనే ఉంది. లేనిదల్లా మనకు వీలైనప్పుడు వినే సౌకర్యం. ఆ గంట దాటితే కథ దాటిపోయినట్టే.

ఈలోగా నేల మారిపోయింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ నుంచి 1967 ఆగస్టులో కాలవలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలవ మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌, కోదాడ ప్రాంతాలను మాగాణి చేసింది. వడ్లు పండాయి, వడ్ల వెంట రైసుమిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ దేశంలోనే పేరున్న బియ్యపు ఊరైంది. బియ్యం కదలాలంటే లారీలు కావాలి. సూర్యాపేటకు, కోదాడకు ఈనాటికీ ప్రయాణికుల రైలు లేదు. మిర్యాలగూడ మీదుగా బీబీనగర్‌–నడికుడి లైను పూర్తయ్యేసరికి 1980ల చివర. కాబట్టి ఈ మూడు ఊళ్ల బతుకు చాలాకాలం రబ్బరు చక్రాల మీదే నడిచింది. వందల సంఖ్యలో డ్రైవర్లు, క్లీనర్లు రాత్రంతా మేలుకుని ఉండాల్సిన ఊళ్లివి. రాత్రి పదకొండు దాటితే రేడియో మూగబోతుంది. అప్పుడే క్యాసెట్‌ వచ్చింది.

ఫిలిప్స్‌ కంపెనీ క్యాసెట్‌ను 1963లో తెచ్చినా మన పల్లెలకు అది చేరింది 1970ల చివర్లో, ఎక్కువగా గల్ఫ్‌ వెళ్లొచ్చినవాళ్ల టూ-ఇన్‌-వన్‌లతో. ఆ రోజుల్లో లారీ కంపెనీలు బండితో పాటు టేప్‌ ఇచ్చేవి కావు. బాడీ కట్టించేచోట, ఆటోనగర్‌ షాపుల్లో, క్యాబిన్‌ పైభాగాన డెక్కు బిగించి రెండు స్పీకర్లు పెట్టించుకోవాలి. బస్టాండు పక్కన రికార్డింగ్‌ సెంటర్లు వెలిశాయి. కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే సాయంత్రానికి ఖాళీ క్యాసెట్‌ మీద ఎక్కించి ఇచ్చేవారు. అది దొంగ నకలే. 1984లో కాపీరైట్‌ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచింది ఇలాంటి వ్యాపారం దేశమంతటా పెరిగిపోయినందుకే. చట్టం వచ్చినా సెంటర్లు మూతపడలేదు.

సీ-90 క్యాసెట్‌ ఒక పక్క నలభై అయిదు నిమిషాలు. సూర్యాపేట నుంచి కోదాడ దూరమూ ఇంచుమించు నలభై అయిదు కిలోమీటర్లే. గంటకు అరవై మీద పోయే బండిలో సూర్యాపేటలో పెట్టిన పక్క కోదాడ పొలిమేరలో అయిపోతుంది. లోడుతో ఉన్న లారీ అయితే మునగాల దాటకముందే క్లీనర్‌ దాన్ని తిరగేయాలి. రీలు చిక్కుకుంటే పెన్సిలు దూర్చి చుట్టాలి. ఎండకు డాష్‌బోర్డు మీద వదిలేసిన క్యాసెట్‌ వంకర తిరిగితే ఘంటసాల గొంతు కూడా నీళ్లలోంచి వచ్చినట్టుండేది.

ఏం వినేవారు? సినిమా పాటలు సరే. వాటితో సమానంగా మాటలు అమ్ముడుపోయేవి. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’కు కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు సినిమా చూడనివాళ్లకు కూడా కంఠతా వచ్చింది క్యాసెట్ల వల్లే. సాగర్‌ ఆయకట్టుకు గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల వెంట పద్యనాటకం వచ్చింది. హరిశ్చంద్రుడి కాటి సీను మిర్యాలగూడ వైపు ట్రాక్టర్ల మీద మోగేది. తెలంగాణ పల్లెల నుంచి ఒగ్గుకథలు, జననాట్యమండలి పాటలు వచ్చాయి. ఘంటసాల 1974లో చనిపోయే ముందు పాడిన భగవద్గీతకు మాత్రం విచిత్రమైన గతి పట్టింది. భక్తితో కొనుక్కున్న ఆ క్యాసెట్‌ను జనం శవయాత్ర బండ్ల మీద వేయడం మొదలుపెట్టాక మామూలు ప్రయాణాల్లో దాన్ని పెట్టడానికి చాలామంది వెనకాడారు.

బస్సుల్లో కథ వేరు. ఆర్టీసీ బస్సులో డ్రైవరు వినేది ఇంజను చప్పుడే. ప్రైవేటు ట్రావెల్స్‌ వాళ్లు 1980లలో వీడియో కోచ్‌లు తెచ్చారు. రాత్రి బస్సులో సినిమా వేస్తే తెర వైపు తల తిప్పలేని డ్రైవరు సంభాషణలు మాత్రమే వింటూ విజయవాడ చేర్చేవాడు.

క్యాసెట్‌ తర్వాత సీడీ వచ్చి ఎక్కువకాలం నిలవలేదు. గుంతల రోడ్డు మీద సీడీ ఎగిరెగిరి పడేది. దాన్ని మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్‌ తరిమేశాయి. సెల్‌ఫోన్‌ షాపుల ముందు ‘పాటలు ఎక్కించబడును’ అన్న బోర్డులు వేలాడిన కాలమది. చేతి గోరంత కార్డులో వందల పాటలు. చాగంటి కోటేశ్వరరావు రామాయణ, భాగవత ప్రవచనాలు ఎంపీ3లుగా ఊరూరికీ చేరింది కూడా అప్పుడే. కాకినాడలో ఎఫ్‌సీఐ ఉద్యోగం చేస్తూ రోజుల తరబడి చెప్పిన ఆ ప్రవచనాలకు గంటల నిడివి ఉండటం దూరప్రయాణం చేసేవాళ్లకు కలిసొచ్చింది. గరికపాటి నరసింహారావు చమత్కారం ఇష్టపడేవాళ్లు ఆయనను ఎక్కించుకునేవారు. ఉషశ్రీ కోసం ఆదివారం దాకా ఆగినవాళ్ల పిల్లలు తమకు తోచిన చోట ఆపి, తోచిన చోట మొదలుపెట్టి వినసాగారు.

ప్రైవేటు ఎఫ్‌ఎం హైదరాబాద్‌కు, విజయవాడకు వచ్చింది సరిగ్గా ఈ కాలంలోనే, 2006–07 ప్రాంతంలో. ఎఫ్‌ఎం శబ్దం శుభ్రంగా ఉంటుంది గానీ ఆ తరంగాలు నేల వంపును అనుసరించవు, చూపు మేరకే పోతాయి. దాంతో ఒకప్పుడు రెండు గొంతులూ విన్న ఊళ్లు ఇప్పుడు రెండింటికీ దూరమయ్యాయి. పైగా ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. చేతనైందల్లా పాట, ప్రకటన, నడుమ ఆర్జే కబుర్లు. మాట కోసం వినే అలవాటున్నవాళ్లకు అందులో పెద్దగా దొరికిందేమీ లేదు. 2023 ఏప్రిల్‌ 28న కేంద్రం దేశవ్యాప్తంగా ఒకేసారి 91 చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లను ప్రారంభించింది. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్‌ ఒక ఊరికీ చుట్టుపక్కలకూ సరిపోతుంది, హైవే మీద పావుగంటలో దాటిపోతారు.

2012లో రోడ్డు నాలుగు వరసలైంది. పంతంగి, కొర్లపహాడ్‌, చిల్లకల్లు టోల్‌గేట్లు వచ్చాయి. 2014లో కోదాడ అవతల పాలేరు దగ్గర రాష్ట్ర సరిహద్దు పడింది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలై డేటా ధర నేలకు దిగింది. అదే ఏడాది అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది. ఈ నాలుగు మార్పుల్లో వినేవాడి చెవికి తగిలింది మూడోదే. గరగరమనే నడిమి దారిలో మొదటిసారి ఏ స్టేషన్‌తో పని లేకుండా గొంతు వినిపించడం మొదలైంది.

పాడ్‌కాస్ట్‌ అన్న పేరు 2004లో బ్రిటిష్‌ పత్రికా రచయిత బెన్‌ హామర్‌స్లీ గార్డియన్‌లో వాడాడు. మరుసటి ఏడాది ఆపిల్‌ తన ఐట్యూన్స్‌లో దానికి చోటిచ్చింది. తెలుగులో ఆ పని తొలుత గట్టిగా చేసింది ప్రవాసులు. అమెరికాలో ఇంటి నుంచి ఆఫీసుకు గంట కారు నడిపేవాళ్లకు తెలుగు మాట కావాలి, చుట్టూ తెలుగు స్టేషన్‌ లేదు. కాలిఫోర్నియాలో ఉంటూ ‘కౌముది’ అంతర్జాల పత్రిక నడిపే కిరణ్‌ప్రభ ఇంటర్నెట్‌ రేడియో కోసం మొదలుపెట్టిన టాక్‌ షోలు ఆ అవసరంలోంచి పెరిగినవే. చరిత్ర పురుషులు, రచయితలు, సినిమావాళ్ల జీవితాలను భాగాలు భాగాలుగా, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పడం ఆయన పద్ధతి. ఏ స్టేషన్‌ అందని రోడ్డు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అందుకే అక్కడివాళ్ల కోసం చేసిన కార్యక్రమం నకిరేకల్‌–కోదాడ నడుమ కూడా అతికినట్టు సరిపోయింది.

కథలు ఇష్టపడేవాళ్లకు ‘హర్షణీయం’ ఉంది. అందులో తెలుగు కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో మాట్లాడతారు. ‘దాసుభాషితం’ తెలుగు పుస్తకాలను శ్రవణ రూపంలోకి తెచ్చింది. సినిమా దర్శకుడు పూరి జగన్నాథ్‌ 2020 లాక్‌డౌన్‌లో ‘పూరి మ్యూజింగ్స్‌’ పేరుతో రెండు మూడు నిమిషాల మాటలు విడుదల చేశాడు. టోల్‌గేట్‌ వరసలో నిలబడ్డంతసేపట్లో ఒకటి అయిపోతుంది. ఇక గంటన్నర, రెండు గంటల ముఖాముఖీలు యూట్యూబ్‌ నిండా ఉన్నాయి. చాలామంది వాటిని చూడరు, ఫోను డాష్‌బోర్డు మీద బోర్లించి వింటారు. అదే మంచిది కూడా. 2019 సవరణ తర్వాత మోటారు వాహన చట్టంలో బండి నడుపుతూ ఫోను చేతబట్టుకోవడం ప్రమాదకరమైన డ్రైవింగ్‌ కిందికి వస్తుంది.

లారీ డ్రైవర్ల సంగతి వేరు. వడ్ల సీజన్లో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. తూకానికి వంతు వచ్చేదాకా గంటల తరబడి అక్కడే. నడిపేటప్పుడు విన్నదానికంటే ఆగినప్పుడు విన్నదే ఎక్కువ. పాత పెన్‌డ్రైవ్‌ను ఇంకా వదలనివాళ్లు వీళ్లే. ఛార్జింగ్‌ అయిపోతుందన్న భయం లేదు, సిగ్నల్‌ గొడవ లేదు.

పరుగెత్తేవాళ్లది మరో లెక్క. సోనీ వాక్‌మన్‌ 1979 జులైలో జపాన్‌లో వచ్చాకే చెవిలో పాటతో పరుగు అన్నది లోకానికి అలవాటైంది. సూర్యాపేటలో అది కనిపించే చోటు సద్దుల చెరువు మినీ ట్యాంక్‌బండ్‌. తెల్లవారుజామున అక్కడ నడిచే పెద్దవాళ్ల ఫోన్లలో ప్రవచనం, సుప్రభాతం. వాళ్లను దాటుకుంటూ పోలీసు ఉద్యోగాల కోసం తయారయ్యే కుర్రాళ్లు, అమ్మాయిలు పరుగు తీస్తారు. 2022 నోటిఫికేషన్‌ ప్రకారం కానిస్టేబుల్‌ పరీక్షలో మగవాళ్లు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఆ లెక్కన వాళ్లకు పాడ్‌కాస్ట్‌తో పనే లేదు. ఒకటిన్నర సినిమా పాట అయ్యేలోగా గీత దాటాలి. పెద్దవాళ్ల ఫోనులో అప్పటికి రాముడు ఇంకా అయోధ్య పొలిమేర కూడా దాటి ఉండడు.